న్యాయ సలహా: ఓడలో బాల్కనీ గదికి అదనంగా కట్టే ముందు

ప్రశ్న: మాది కాకినాడ. అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజని నలుగురం కలిసి సింగపూర్ నుంచి బయల్దేరే నాలుగు రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీ ద్వారా పక్కపక్కనే ఉన్న రెండు కిటికీ గదులు బుక్ చేసి, డబ్బు మొత్తం కట్టేశాం. ఇప్పుడు ఓడ కంపెనీ నుంచి 'బాల్కనీ గది కావాలంటే బిడ్ వేయండి' అని మెయిల్ వచ్చింది. ఏజెన్సీ వాళ్లేమో 'బిడ్ ఎందుకండీ, మాకు కట్టండి, ఖాయంగా ఇప్పిస్తాం. ఇక రెండు గదులే మిగిలాయి, సాయంత్రంలోగా తేల్చండి' అంటున్నారు. కట్టమంటారా? కట్టాక గది రాకపోతే, వచ్చినా చెప్పినట్టు లేకపోతే మా డబ్బు మాకు వస్తుందా?

జవాబు: సాయంత్రంలోగా కట్టాల్సిన అవసరం ఏమీ లేదు. కొత్త గది నంబరు, రకం, మొత్తం ధర, రద్దు షరతులు రాతపూర్వకంగా ఇచ్చాకే ఏజెన్సీకి కట్టండి. అవి ఇవ్వకపోతే ఎంత చవగ్గా వచ్చినా వద్దు. బిడ్ వేయాలనుకుంటే, ఇప్పుడున్న పక్కపక్క గదులు చేజారినా ఫర్వాలేదనుకుంటేనే వేయండి. ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు: ఇస్తామన్నది ఇవ్వకపోతే చట్టం డబ్బు ఇప్పిస్తుంది. మీరు మనసులో ఊహించుకున్నది రాకపోతే ఇప్పించదు. ఈ రెండింటి మధ్య తేడాను తేల్చేది మీ చేతిలో ఉన్న కాగితమే.

బిడ్ ఒకటి, కొనుగోలు ఒకటి

అప్‌గ్రేడ్ అనగానే చాలామందికి రైల్లో ఆటో అప్‌గ్రేడ్ గుర్తొస్తుంది. అక్కడ పై తరగతి బెర్తు వచ్చినా రూపాయి అదనంగా కట్టక్కర్లేదు. ఓడలోనూ కంపెనీ అవసరాన్ని బట్టి ఒక్కోసారి ఉచితంగా మంచి గది ఇస్తారు కానీ, అది వాళ్ల ఇష్టం, అడిగి తీసుకునే హక్కు మనకు ఉండదు. మీ ముందున్న రెండు దారులూ డబ్బుతో కూడినవే. అయితే చట్టం దృష్టిలో ఒకదానికీ మరొకదానికీ పోలిక లేదు.

బిడ్ అంటే మీరు పెట్టే ప్రతిపాదన. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 5 ప్రకారం అవతలివాళ్లు ఆమోదించే లోపు ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. ఓడ కంపెనీల బిడ్ షరతులు కూడా సాధారణంగా ఇలాగే ఉంటాయి. ఆమోదించేదాకా మొత్తాన్ని మార్చుకోవచ్చు, మానుకోవచ్చు. ఆమోదించకపోతే పైసా పోదు. ఆమోదించిన మరుక్షణం మాత్రం కార్డు నుంచి డబ్బు కట్ అవుతుంది, ఇక వెనక్కి ఇవ్వరు. గది నంబరు వాళ్లే నిర్ణయిస్తారు. ఫలానా అంతస్తు, ఫలానా వైపు అని కోరే వీలుండదు.

బిడ్ మొత్తం సాధారణంగా మనిషికి లెక్క. తెర మీద వంద డాలర్లు అని కనిపిస్తే గదిలో ఇద్దరికీ కలిపి రెండు వందలు. పైగా ఒక్కో గదికి విడిగా బిడ్ వేయాలి. మీ గది బిడ్ ఆమోదించి, అమ్మానాన్నల గదిది తిరస్కరిస్తే మీరు పై అంతస్తులో, వాళ్లు కింది అంతస్తులో ఉండాల్సి రావచ్చు. పెద్దవాళ్లకు తోడుగా ఉండాలనే పక్కపక్క గదులు తీసుకున్నారు కాబట్టి, బిడ్‌లో మీకు అసలు ప్రమాదం ఇదే. వీల్‌చైర్‌కు అనువైన గది తీసుకున్నవాళ్లు కూడా, కొత్త గదిలో ఆ వసతి ఉంటుందని రాతలో హామీ లేకుండా బిడ్ జోలికి పోకూడదు.

ఏజెన్సీ చెప్పేది రెండో దారి. ధర తేడా కట్టించుకుని వాళ్లు మీ బుకింగ్‌ను మార్పించాలి. ఇది నేరుగా కొనుగోలు. ఇందులో 'ఖాయం' అన్న మాటకు రుజువు ఒక్కటే: కొత్త గది నంబరుతో ఓడ కంపెనీ ఇచ్చే సవరించిన బుకింగ్ పత్రం. ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద రసీదు చాలదు. మీ బుకింగ్ నంబరుతో ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో మీరే చూసుకోండి. అక్కడ పాత గదే కనిపిస్తుంటే మీ అప్‌గ్రేడ్ ఇంకా జరగనట్టే.

బాల్కనీలన్నీ సముద్రం వైపు ఉండవు

రాయల్ కరీబియన్ కంపెనీ ఒయాసిస్ తరగతి ఓడల్లో కొన్ని బాల్కనీలు ఓడ లోపలి పార్కు వైపు తెరుచుకుంటాయి. అక్కడ కూర్చుంటే చెట్లూ మనుషులూ కనిపిస్తారు కానీ సముద్రం కనిపించదు. అదే కంపెనీ 2014లో తెచ్చిన క్వాంటమ్ తరగతి ఓడల్లో 'వర్చువల్ బాల్కనీ' గదులున్నాయి. అవి కిటికీ కూడా లేని లోపలి గదులు. గోడకు అమర్చిన పెద్ద తెర మీద సముద్రం ప్రత్యక్ష ప్రసారంగా కనిపిస్తుంది. బయట కెమెరా ఉంటుందే తప్ప బాల్కనీ ఉండదు. ఇంకొన్ని బాల్కనీలకు ప్రాణరక్షక పడవలు అడ్డంగా వేలాడుతుంటాయి. షరతుల్లో 'దృశ్యానికి అడ్డంకి ఉండవచ్చు' అని ముందే రాసి ఉంటే, తర్వాత చేసే ఫిర్యాదు నిలవడం కష్టం.

అందుకే 'బాల్కనీ గది' అన్న మాటతో సరిపెట్టుకోకండి. 'సముద్రం వైపు తెరుచుకునే, అడ్డంకి లేని బాల్కనీ' అని రాయించుకోండి. గది రకానికి మాత్రమే హామీ ఇచ్చి, నంబరు తర్వాత చెబుతామనే పద్ధతి కూడా ఉంది. దానికి 'గ్యారంటీ' గది అని పేరు. ఆ గ్యారంటీ రకానికే పరిమితం, గది ఎక్కడ వస్తుందన్నదానికి కాదు. పెద్దవాళ్ల విషయంలో ఇంకొకటీ చూడాలి. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. పైకి, ముందుకు వెళ్లేకొద్దీ ఎక్కువ. ఇప్పటి కిటికీ గది మధ్యలో ఉండి, వచ్చే బాల్కనీ గది ముందు కొసన ఉంటే, డబ్బు కట్టి మరీ వికారం కొనుక్కున్నట్టవుతుంది. సూట్ దాకా వెళ్లాలనుకుంటే రోజువారీ టిప్పు కూడా పెరుగుతుందేమో అడగండి. చాలా కంపెనీలు సూట్లకు ఎక్కువ రేటు పెడతాయి.

'రెండే గదులు మిగిలాయి'

ఆ మాట నిజమైతే తప్పు లేదు. అబద్ధమైతే చట్టవిరుద్ధం. వెబ్‌సైట్లూ యాప్‌లూ కొనుగోలుదారులను మభ్యపెట్టే ఎత్తుగడలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 'డార్క్ ప్యాటర్న్స్' మార్గదర్శకాలు తెచ్చింది. అందులో పేర్కొన్న 13 ఎత్తుగడల్లో మొదటిది లేని తొందర పుట్టించడం. మొదట తక్కువ ధర చూపి, చెల్లించే చోటికి వచ్చేసరికి పన్నులు, పోర్టు రుసుములు ఒక్కొక్కటిగా కలపడం ఇంకొకటి. అడగని బీమానో భోజన ప్యాకేజీనో మనకు తెలియకుండా బిల్లులో చేర్చడం మరొకటి. ఇ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ముందే టిక్ పెట్టిన గడి మీ సమ్మతి కిందికి రాదు.

ఫోన్లో చెప్పిన అబద్ధానికీ మినహాయింపు లేదు. సేవ గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార విధానం. అయితే ఫోన్లో అన్న మాటను రుజువు చేయడం కష్టం. అందుకని ఫోన్ పెట్టేశాక మీరే ఒక వాట్సాప్ సందేశం పంపండి: 'ఇంత డబ్బుకు ఫలానా రకం గది, పక్కపక్కనే రెండూ ఖాయంగా ఇస్తామన్నారు. గది నంబర్లు పంపితే డబ్బు కడతాం.' నిజంగా ఇవ్వగలిగినవాళ్లు నంబర్లు పంపుతారు. వాళ్ల మౌనం కూడా మీకొక జవాబే.

డబ్బును వ్యక్తిగత ఖాతాకో, ఎవరిదో యూపీఐ నంబరుకో పంపకండి. ఏజెన్సీ పేరున్న ఖాతాకే కట్టి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం కింద అనుచిత వ్యాపార విధానమే. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ వసూలు చేస్తే అది మీ పాన్ ఖాతాలో చేరిందో లేదో చూసుకోండి. ఆదాయపు పన్ను రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. 'అప్‌గ్రేడ్ లింకు' పేరుతో ఊరూపేరూ తెలియని నంబరు నుంచి వచ్చిన సందేశాన్ని నొక్కి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కట్టాక గది ఇవ్వకపోతే

డబ్బు తీసుకుని అప్‌గ్రేడ్ చేయకపోవడం సేవా లోపం. అసలు చేసే ఉద్దేశమే లేకుండా తీసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం, పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. ఇలాంటి చోట 'కట్టిన డబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు' అన్న షరతు ఏజెన్సీకి అంతగా అక్కరకు రాదు. ఆ షరతు మీరు మనసు మార్చుకున్న సందర్భానికే పనికొస్తుంది, వాళ్లు మాట తప్పిన సందర్భానికి కాదు. ఏకపక్ష షరతులు వినియోగదారుణ్ని కట్టిపడేయలేవని పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అది ఫ్లాట్ల కేసే అయినా ఆ సూత్రాన్ని మీరు ఉదహరించవచ్చు. షరతునే అన్యాయమైనదిగా ప్రకటించాలని కోరితే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు.

ఓడ ఎక్కాక గది చెప్పినట్టు లేకపోతే, సామాను సర్దుకోకముందే ఫొటోలూ వీడియో తీయండి. అదే రోజు అతిథి సేవల కౌంటర్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోండి. వేరే గది లేదంటే 'అభ్యంతరంతో అంగీకరిస్తున్నాం' అని రాయండి. నాలుగు రాత్రులూ ఏమీ అనకుండా ఉండి, ఇంటికొచ్చాక చేసే ఫిర్యాదుకు బలం తక్కువ.

తిరిగొచ్చాక మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. ఆన్‌లైన్ సంస్థ అయితే దాని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ఏజెన్సీ హైదరాబాద్‌లో ఉన్నా కేసు కాకినాడలోనే వేయవచ్చు. ఫిర్యాదీ నివసించే చోటే కేసు వేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, లాయరూ తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. ఏజెన్సీనీ ఓడ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉన్నా కమిషన్ తలుపు మూసుకోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

విదేశీ కంపెనీకి నేరుగా కడితే

బిడ్ డబ్బు నేరుగా విదేశీ ఓడ కంపెనీకే వెళ్తుంది. మన దేశంలో ఆ కంపెనీకి కార్యాలయం గానీ ఆస్తి గానీ లేకపోతే, కమిషన్‌లో గెలిచినా ఆ ఉత్తర్వును అమలు చేయించడం కష్టం. పైగా వాళ్ల టికెట్ షరతుల్లో తగాదాలు ఫలానా దేశపు కోర్టులోనే తేల్చుకోవాలని రాసి ఉంటుంది. అందుకే బిడ్‌కు క్రెడిట్ కార్డే మేలు. ఆమోదించిన గది ఇవ్వకపోతే బ్యాంకులో వివాదం నమోదు చేసి డబ్బు వెనక్కి కోరవచ్చు. దానికి గడువు తక్కువ కాబట్టి ఇంటికి చేరిన వారంలోనే ఆ పని చేయండి.

అమెరికాలో ఉండి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచో ఫ్లోరిడాలోని మయామి నుంచో ఓడ ఎక్కే మన పిల్లలూ 'ఫలానా కోర్టులోనే' అన్న ఈ షరతును తేలిగ్గా తీసుకోకూడదు. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతుల కేసులో (కార్నివాల్ వర్సెస్ షూట్, 1991), టికెట్‌లో రాసి ఉంది కాబట్టి ఫ్లోరిడాలోనే దావా వేయాలని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మెక్సికో తీరంలో ఓడ మీద జారిపడి గాయమైన కేసుకే అలా అయితే, గది మార్పు తగాదా కోసం దేశం ఆ చివరికి వెళ్లే ఓపిక ఎవరికుంటుంది?

కాబట్టి మీకు నా సలహా ఇది. రెండు గదులూ పక్కపక్కనే, సముద్రం వైపు బాల్కనీతో, నంబర్లతో సహా ఏజెన్సీ రాసిస్తే, ఆ ధర మీకు భారం కాకపోతే కట్టండి. రాసివ్వకపోతే ఇప్పుడున్న కిటికీ గదులే ఉంచుకుని, పెద్దవాళ్లతో హాయిగా వెళ్లిరండి. బిడ్ మీ కుటుంబానికి తగినది కాదు.