మామిడిపండ్ల కాలం... పిల్లి ఉన్న ఇంట్లో నుసుములు

ప్రశ్న: మామిడిపండ్లు తెచ్చిన దగ్గర్నుంచి వంటింటి నిండా నుసుములే. ఇంట్లో పిల్లి ఉంది, మందు కొట్టాలంటే భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం సరైనదే. చాలా పురుగుమందుల్లో ఉండే పెర్మెత్రిన్‌ను పిల్లి కాలేయం త్వరగా విరిచేయలేదు. వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కలరా ఉండలు, కర్పూరం కూడా వద్దు.

వెచ్చని రోజుల్లో నుసుము గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి 8–10 రోజులు చాలు. అందుకే ముందు పుట్టేచోటును పట్టాలి. ముగ్గిన పండ్లను ఫ్రిజ్‌లో పెట్టండి. టెంకలు, తొక్కలు ఏ పూటకాపూట బయట పారేయండి. పిల్లి వదిలేసిన పెరుగన్నం గిన్నెను వెంటనే కడిగేయండి. సింకు గొట్టం అంచున వేలు పెట్టి చూడండి. జిగురు తగిలితే అక్కడా గుడ్లు ఉండొచ్చు. బ్రష్‌తో రుద్ది వేడినీళ్లు పోయండి.

ఎగిరేవాటి కోసం గ్లాసులో అంగుళం ఎత్తు వెనిగర్ పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలపండి. పైన కవరు బిగించి, పిన్నుతో నాలుగైదు బొక్కలు పెట్టండి. వాసనకు లోపలికి దూరిన నుసుము, సబ్బు వల్ల పైన నిలవలేక మునిగిపోతుంది. గ్లాసును పిల్లికి అందని చోట ఉంచండి. రెండు వారాలు మానకుండా చేస్తే ఇల్లు తేటపడుతుంది.