పొలము లెక్క ఎవరి సొత్తు? - ఐరోపా శాసనముల వలన నేర్వదగిన పాఠము

రైతు తన పట్టా కాగితములను ఊరక ఇతరుల చేతి కీయడు. కాని ఇంటర్నెట్టుతో కలిసిన ట్రాక్టరు పొలమున తిరుగునపుడు, దున్నిన విస్తీర్ణము, చల్లిన ఎరువు, వచ్చిన దిగుబడి మొదలగు లెక్కలు యంత్రమును చేసిన కంపెనీకి చేరవచ్చును. ఆ లెక్క ఎవరిది? 27 దేశముల ఐరోపా సమాఖ్య దీనికి చెప్పిన సమాధానమును మా సభ్యులకు వివరింపదలచితిమి.

మొదటి శాసనము జి.డి.పి.ఆర్. అనబడునది. ఇది 2016లో అంగీకరింపబడి, 2018 మే 25 నుండి అమలగుచున్నది. న్యాయమైన ఆధారము లేక ఎవరును మనుష్యుల సొంత వివరములను వాడరాదు. ఆ మనుష్యుని సమ్మతి అట్టి ఆధారములలో నొకటి. తన్ను గూర్చి వ్రాసియుంచినదానిని చూపుమనియు, తప్పున్న దిద్దుమనియు, కొన్ని యెడల తుడిచివేయుమనియు అతడు కోరవచ్చును. ఘోరమైన ఉల్లంఘనలకు 2 కోట్ల యూరోలు గాని, ప్రపంచమంతటి వార్షిక వ్యాపారమున నూటికి 4 వంతులు గాని, ఏది యెక్కువయో అంతవరకు జరిమానా విధింపవచ్చును.

కట్టుబాట్లు మాత్రమే యున్నచో క్రొత్త విద్యలు పెరుగుట యెట్లు? అందుచే శాస్త్రపరిశోధనకు, తగిన రక్షణలతో, ఆ శాసనమే కొంత సడలింపు నిచ్చినది. ఎవరిదో ఏ విధమునను తెలియరాకుండ చేసిన సమాచారమునకు అది వర్తింపదు.

రెండవది డేటా చట్టము. ఇది 2025 సెప్టెంబరు 12 నుండి వర్తించుచున్నది. యంత్రము పుట్టించిన లెక్కలను దానిని వాడువాడు పొందవచ్చును; తాను కోరిన మరమ్మతుదారునకో, సలహాదారునకో ఇప్పింపవచ్చును. కంపెనీకిని రక్షణ కలదు: అట్లు పొందిన లెక్కలతో పోటీ యంత్రమును చేయరాదు; వ్యాపార రహస్యములను కాపాడవలెను. ఒకరి హక్కు వేరొకరి శ్రమను హరింపకుండుటయే ఈ ఏర్పాటులోని తూకము.

ఈ నియమములు చిన్న సంస్థలకు భారమను ఆక్షేపణయు కలదు. కొన్నిటిని సులభపరచుటకు 2025 నవంబరులో ఐరోపా కమిషను సవరణలను ప్రతిపాదించినది.

మన దేశమున 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. అది మనుష్యుల సొంత వివరములకు సంబంధించినది గాని యంత్రముల లెక్కలకు కాదు. కావున యంత్రమును కొనునపుడును, ఫోనులో వ్యవసాయ సలహాకై పేరు నమోదు చేయించుకొనునపుడును సభ్యులు మూడు ప్రశ్నల నడుగవలెను: ఏ లెక్క తీసికొందురు? ఎవరికి చూపుదురు? మేము కోరినపుడు మాకిత్తురా? ఈ ప్రశ్నలను ఒక్కొక్క రైతు వేరుగా అడుగుటకంటె, సంఘము పక్షమున అందరును కలిసి అడిగిన ఎక్కువ బలముండును. సభ్యుల ఖాతాలను ఉంచుకొను సంఘము సైతము ఇవే ప్రశ్నలకు జవాబు చెప్పుటకు సిద్ధముగా నుండవలెను.