నోటిని కాచుకొనుడు: రాచపుండు అపాయమును తగ్గించు అలవాట్లు

పైరునకు తెగులు సోకిన పిదప మందు చల్లుటకంటె విత్తనమును ముందే శుద్ధిచేసి నాటుట మేలని మన సభ్యులందఱును ఎఱుంగుదురు. శరీర విషయమునను ఈ న్యాయమే చెల్లును. మన పెద్దలు రాచపుండని పిలిచిన వ్యాధికే నేడు క్యాన్సరను పేరు వాడుకలో నున్నది. శరీరములోని కణములు అదుపుతప్పి పెరుగుటయే ఈ వ్యాధి. ఇది పూర్వకర్మమని కొందఱును, అంటువ్యాధియని కొందఱును తలచుచున్నారు. మదనపల్లె చేరువ ఆరోగ్యవరమున 1915లో నెలకొనిన క్షయరోగ చికిత్సాలయమును ఎఱిగినవారు, ఇదియు క్షయవలె అంటునేమోయని శంకింపవచ్చును. క్షయ గాలివలన ఒకరినుండి మఱియొకరికి సోకును. క్యాన్సరు అట్లు సోకదు. రోగి కంచమును, పడకను వేఱుచేయ నక్కఱలేదు.

వయస్సు, వంశము మొదలగు కొన్ని కారణములు మన చేతిలో లేవు. మన చేతిలోనున్న కారణములలో ముఖ్యమైనవి మాత్రము నోటిద్వారముననే లోపలికి పోవుచున్నవి. కావున నోటిని కాచుకొనుటయే మేము ఈ పాఠమున చెప్పదలచిన విషయము.

1. పొగాకు

చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, జర్దా, గుట్కా ఇవన్నియు ఒక్క జాతివే. పొగాకు పొగలో క్యాన్సరును కలిగించు పదార్థములు 70కి పైగా కలవు. పొగ త్రాగక నమలువారికి అపాయము లేదనుట పొరపాటు; సున్నము కలిపిన పొగాకును బుగ్గలో ఏ చోట నుంచుదురో తఱచుగా ఆ చోటనే పుండు పుట్టును. వక్కయు నిర్దోషమైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ వక్కను సయితము క్యాన్సరు కారకముల పట్టికలో చేర్చినది.

దీనికి నిదర్శనము మన తెలుగు నాటనే కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలలో చుట్ట వెలిగించి, నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు ఆచారము కలదు. దీనిని అడ్డపొగ యందురు. ఇది పురుషులకంటె స్త్రీలయందు అధికముగా కనబడెను. వైద్యులు శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామవాసుల నోళ్లను పరీక్షించి తమ ఫలితములను 1971లో ప్రకటించిరి. ఇతర ప్రాంతములలో అరుదైన అంగుటి క్యాన్సరు, నిప్పును అంగుటికి చేరువగా నుంచుకొను ఈ అలవాటు గలవారియందు హెచ్చుగా కనబడినది. అలవాటు ఏ చోటనో వ్యాధియు ఆ చోటనే యనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలయును?

అలవాటు విడువదను నిరాశ వలదు. శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారికి ఇండ్లకు పోయి బోధించి, ఫలితములను 1986లో ప్రకటించిరి. బోధ పొందినవారిలో పొగాకు మానినవారు హెచ్చిరి. క్యాన్సరుకు ముందు పుట్టు నోటి పొడలు తగ్గెను. పొగ మానిన అయిదు, పది సంవత్సరములలో నోటి క్యాన్సరుయొక్క అధికమైన అపాయము సగమునకు తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు. మానదలచినవారు 1800112356 అను ఉచిత ఫోను సంఖ్యకు పిలిచి సలహా పొందవచ్చును.

2. సారాయి మొదలగు మద్యములు

కాయకష్టము మఱచుటకై త్రాగుచున్నామని కొందఱందురు. మద్యము నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, ప్రేగులు, స్త్రీల స్తనములు వీనియందు క్యాన్సరు అపాయమును పెంచును. నాటుసారాయియైనను, ముద్రవేసిన సీసాయైనను భేదము లేదు. మద్యమును, పొగాకును రెంటిని వాడువానికి నోటి అపాయము కూడికవలె గాక హెచ్చవేతవలె పెరుగును.

3. బూజుపట్టిన వేరుసెనగ

ఇది రైతుకే చెందిన విషయము గాన శ్రద్ధతో చదువవలయును. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చెను. వానికి మేపిన వేరుసెనగ పిండిలో బూజువలన పుట్టిన విషము కలదని పిదప తేలినది. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు. అది కాలేయ క్యాన్సరును కలిగించును. వేయించినను ఉడికించినను పూర్తిగా నశింపదు. కాలేయమునకు సోకు హెపటైటిస్ బి అను వ్యాధి గలవారికి ఈ విషమువలని అపాయము అనేక రెట్లు పెరుగును. కావున శిశువులకు పుట్టిన వెంటనే ఆ టీకా వేయింపవలయును.

మన సీమలో చెనక్కాయ పైరు కాయ ఊరు దశలో వాన లేక ఎండినప్పుడును, పెఱికిన పిదప తడిసినప్పుడును ఈ బూజు చేరును. పెఱికిన చెట్లను కాయలు పైకి వచ్చునట్లు తిరుగవేసి ఆరబెట్టవలయును. గింజలో తేమ నూటికి 8 పాళ్లకు మించరాదు. కాయను ఊపిన గింజ గలగలలాడవలయును. ఒలుచుటకు సులువని కాయలపై నీరు చల్లుట మానవలయును. మూటలను నేలకును గోడకును తగులకుండ చెక్కలపై పేర్చవలయును. ముడుతలు పడిన, రంగు మారిన, బూజుపట్టిన గింజలను ఏఱి పాఱవేయవలయునే గాని, ఇంటి పచ్చడికిని గానుగకును పంపరాదు. బూజుపట్టిన చెక్కను ఆవు తినినచో ఆ విషము పాలలోనికిని వచ్చును.

4. ఆహారము, శ్రమ

రాగిసంకటి, ముతక ధాన్యములు, ఆకుకూరలు, పప్పులు, పండ్లు ప్రేగులకు మేలుచేయును. పొలము పనులు యంత్రములకు అప్పగించి కూర్చుండు యువకులకు స్థూలకాయము పెరుగుచున్నది. అదియు పలు క్యాన్సరులకు కారణమగును గాన శరీరశ్రమను విడువరాదు.

5. నోటి పరీక్ష

నెలకొకసారి వెలుతురులో అద్దము చూచి నోటిని పరీక్షించుకొనవలయును. రెండు మూడు వారములలో మానని పుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, నోరు పూర్తిగా తెఱవలేకుండుట, మ్రింగుటకు కష్టము కనబడినచో వైద్యుని చూడవలయును. తొలుత నొప్పి యుండదు. నొప్పి లేదని ఉపేక్షించుటయే ముప్పునకు మూలము. తొలిదశలో చికిత్స సులభము. ముదిరిన పిదప చికిత్సకై పొలము తాకట్టు పెట్టి, పైరుకై తీసిన అప్పును సయితము ఆసుపత్రికి వెచ్చించు కుటుంబము రెండు విధముల నష్టపోవును.

ఈ నియమములను పాటించినవారికి క్యాన్సరు ఎన్నడును రాదని మేము చెప్పము. కంచె వేసిన చేనికిని ఒకప్పుడు పశువు చొరబడును. అయినను కంచె వేయని రైతు లేడు. నిమ్మనపల్లె పరిసర గ్రామములలోని సభ్యులు సమావేశముల తాంబూలపు పళ్లెములనుండి పొగాకును తొలగించుటకును, గింజ ఏఱి బూజు సరకును వేఱుచేయుటకును నేడే పూనుకొనవచ్చును. ఖర్చు లేని ఈ రెండు పనులతో మొదలిడుడని మా విన్నపము.