గర్భసంచి చెబితే అండాశయం వింటుంది

మైదుకూరు

చిరంజీవి అమ్మాయికి,

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో నువ్వు మొదట నేర్చేది, అండాశయం హార్మోన్లు వదిలితే గర్భసంచి దానికి తగ్గట్టు సిద్ధమవుతుందని. అది నిజమే గానీ సగమే. మన సీమలో గొర్రె 17 రోజులకు, ఎనుము 21 రోజులకు మళ్లీ ఎదకు వస్తున్నాయంటే, ఆ గడువు పెట్టేది గర్భసంచి. అండం విడుదలైన చోట కార్పస్ ల్యూటియం అనే గడ్డ పెరిగి, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వదులుతూ మరో ఎదను ఆపి ఉంచుతుంది. చూలు నిలవకపోతే ఆ గడ్డను కరిగించేది గర్భసంచి లోపలి పొరే. 1923లో లియో లోబ్ అనే పరిశోధకుడు గినీపిగ్‌లకు గర్భసంచి తీసేసి చూస్తే గడ్డ గడువు దాటినా బతికే ఉంది. గొర్రెలోనైతే అది చూలు మోసినంత కాలం, సుమారు 5 నెలలు, నిలుస్తుంది.

కోతలో అండాశయానికి రక్తం తగ్గి ఇలా జరిగిందేమో అని నీకు తోచవచ్చు. రక్తం తగ్గితే గడ్డ ముందే చావాలి గదా, ఎక్కువ కాలం ఎలా బతుకుతుంది? గొర్రె గర్భసంచికి రెండు కొమ్ములు. ఒక కొమ్మునే తీస్తే ఆ వైపు గడ్డ నిలుస్తుంది, అవతలి వైపుది మామూలుగానే కరుగుతుంది. అంటే గర్భసంచి పంపే కబురు దగ్గరి దారిలోనే పోతోంది. ఆ కబురు ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫా అని 1972లో మెక్‌క్రాకెన్ బృందం గొర్రెల్లో తేల్చింది. ఒళ్లంతా తిరిగితే అది చాలావరకు ఊపిరితిత్తుల్లోనే నశిస్తుంది. అందుకే గర్భసంచి నుంచి వచ్చే సిరలో ఉన్నప్పుడే, ఆ సిరకు అతుక్కుని మెలికలు తిరిగే అండాశయ ధమనిలోకి ఊరుతుంది.

మరి గర్భసంచి తీయించుకున్న స్త్రీలో బహిష్టు కనిపించకపోయినా అండాశయాలు పని చేస్తూనే ఉంటాయి గదా అని అడుగుతావు. నిజమే. మనుషుల్లో, కోతుల్లో గడ్డ కరగడానికి గర్భసంచి అక్కరలేదు. దానితో నా వాదం కూలదు, దానికి హద్దు ఏర్పడుతుంది. ఒక జీవిలో చూసినదాన్ని క్షీరదాలన్నిటికీ అంటగట్టవద్దు. ఆ హద్దు లోపల మాత్రం ఈ తెలివి రైతుకు అన్నం పెడుతుంది. ఎనుము ఎదకు రాలేదంటే ముందు గర్భసంచిని తడిమి చూడు. చూలుంటే పిండం వదిలే ఇంటర్‌ఫెరాన్ టా అనే పదార్థం ఆ కబురును ఆపి ఉంటుంది. చీము నిండితే లోపలి పొర చెడి కబురు సరిగా అందదు. రెండింటిలోనూ ఎద ఆగుతుంది. చీము పట్టినదానికి ప్రోస్టాగ్లాండిన్ సూది మందవుతుంది. చూలుదానికి అదే సూది వేస్తే ఈసుకుపోతుంది. అందుకే చెయ్యి పెట్టి చూసి నిర్ధారించాకే సూది పట్టుకో.

ఆశీస్సులతో,
మీ తాత