‘పాజిటివ్’ అంటే మంచిదేనా?

వారం రోజులుగా జ్వరంతో ఉన్న మనిషి చేతికి ల్యాబు రిపోర్టు వస్తుంది. అందులో ‘ఎన్‌ఎస్‌1 నెగెటివ్’ అని ఉంటుంది. డెంగీ కాదని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అదే రోజు అదే ల్యాబు నుంచి ఒక గర్భిణికి అందిన రిపోర్టులో ‘ఆర్‌హెచ్ నెగెటివ్’ అని ఉంటుంది. కోడలి రక్తంలో ఏదో లోపం ఉందని అత్తగారు కంగారు పడుతుంది. రెండు ఇళ్లలోనూ చదివింది ఒకే మాట. రెండు చోట్లా దాన్ని తప్పుగానే అర్థం చేసుకున్నారు.

పాజిటివ్, నెగెటివ్ అనేవి ఇంగ్లిషు మాటలని ఇప్పుడు ఎవరికీ అనిపించదు. సినిమాకు పాజిటివ్ టాక్ వస్తే నిర్మాతకు సంబరం. దిగులుగా ఉన్నవాళ్లకు ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అని సలహా. 2020లో కొవిడ్ వచ్చాక మాత్రం అదే మాట వినగానే వీధి వీధంతా తలుపులు వేసుకుంది. ఒక మాటకు పది అర్థాలు ఉండటం వింతేమీ కాదు. ఒక చోటి అర్థాన్ని ఇంకో చోటికి మోసుకుపోయినప్పుడే చిక్కు వస్తుంది.

‘పాజిటివ్’కు మూలం లాటిన్‌లోని ‘పోనెరె’ అనే క్రియ. దాని అర్థం ఉంచడం, పెట్టడం. ఇంగ్లిషులో మొదట ఇది చట్టానికి సంబంధించిన మాట. ప్రకృతి సిద్ధమైన ధర్మం కాకుండా మనుషులు నిర్ణయించి పెట్టిన చట్టాన్ని అలా అనేవారు. అక్కడి నుంచి ‘కచ్చితమైనది’, ‘నిజంగా ఉన్నది’ అనే అర్థాలు వచ్చాయి. ‘ఆశ కలిగించేది’ అనే అర్థం వీటన్నిటికంటే వయసులో చిన్నది. రోజువారీ మాటల్లో ఆ చిన్నదే పెత్తనం చేస్తోంది. ల్యాబులో మాత్రం ఇంకా పాత అర్థమే నడుస్తోంది.

వైద్య పరీక్షలో పాజిటివ్ అంటే వెతికినది కనిపించిందని, నెగెటివ్ అంటే కనిపించలేదని. కనిపించినది మంచిదా చెడ్డదా అన్నది పరీక్షకు పట్టదు. పిల్లల కోసం ఎదురుచూసే దంపతులకు గర్భ పరీక్షలో పాజిటివ్ పండగే. కాబట్టి రిపోర్టు చూడగానే అడగాల్సినవి రెండు: ఏం వెతికారు? ఎప్పుడు వెతికారు?

జ్వరం రిపోర్టులో తప్పు జరిగింది ఈ రెండో ప్రశ్న దగ్గరే. ఎన్‌ఎస్‌1 అనేది డెంగీ వైరస్ తయారుచేసే ఒక ప్రొటీన్. జ్వరం మొదలైన తొలి నాలుగైదు రోజుల్లో ఇది రక్తంలో బాగా దొరుకుతుంది, తర్వాత తగ్గిపోతుంది. అప్పటికి శరీరం ఐజీఎం అనే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది కనుక, ఆ దశలో వెతకాల్సింది వాటిని. ఏడో రోజు ఎన్‌ఎస్‌1 నెగెటివ్ వచ్చిందంటే ఆ ప్రొటీన్ ఇప్పుడు కనిపించలేదనే తప్ప డెంగీ రాలేదని కాదు. పైగా డెంగీలో అసలు ప్రమాదం చాలాసార్లు జ్వరం తగ్గుతున్న సమయంలోనే మొదలవుతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడినుంచైనా రక్తస్రావం ఉంటే రిపోర్టులో ఏమున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మొదటి ప్రశ్న. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ప్రతిరక్షకాల పరీక్ష చేస్తే పాజిటివ్ రావచ్చు. అంతమాత్రాన బిడ్డకు వైరస్ సోకిందని కాదు. ఆ పరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, ప్రతిరక్షకాలను. అవి గర్భంలో ఉండగా తల్లి నుంచి వచ్చినవై ఉండొచ్చు, బిడ్డ రక్తంలో 18 నెలల దాకా నిలిచి ఉండొచ్చు. అందుకే పసిపిల్లల్లో నేరుగా వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు.

పరీక్ష పొరబడటం కూడా ఉంటుంది. లెక్క కోసం 1,000 మంది ఉన్న ఊరిని ఊహించుకుంటే చాలు. వారిలో 10 మందికి ఒక జబ్బు ఉంది. పరీక్ష నూటికి 90 సార్లు సరిగ్గా చెబుతుంది. జబ్బున్న 10 మందిలో 9 మందిని అది పట్టుకుంటుంది. జబ్బు లేని 990 మందిలో 99 మందికి కూడా పొరపాటున పాజిటివ్ అంటుంది. మొత్తం 108 మంది చేతుల్లో పాజిటివ్ రిపోర్టులు ఉంటే, నిజంగా జబ్బున్నది 9 మందికే, అంటే 12 మందిలో ఒకరికి. పరీక్ష మంచిదే అయినా జబ్బు అరుదైనదైతే ఇలాగే జరుగుతుంది. డాక్టర్లు లక్షణాలు అడిగి, రెండో పరీక్ష రాసేది ఇందుకే. అన్నిసార్లూ బిల్లు పెంచడానికే అనుకోనక్కర్లేదు.

అత్తగారి కంగారు వేరే రకం. ఆర్‌హెచ్ అసలు జబ్బే కాదు. ఎర్ర రక్తకణాల మీద ‘డి’ అనే పదార్థం ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. మన దేశంలో నూటికి 90 మందికి పైగా పాజిటివే. నెగెటివ్ వాళ్లు ఆరోగ్యంలో ఎవరికీ తీసిపోరు. గర్భం విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. తల్లి నెగెటివ్, గర్భంలో బిడ్డ పాజిటివ్ అయినప్పుడు బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే, తల్లి శరీరం ‘డి’కి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేసుకోవచ్చు. అవి తర్వాతి కాన్పులో బిడ్డ రక్తకణాలను దెబ్బతీస్తాయి. దీన్ని ఆపడానికి యాంటీ‑డి ఇంజెక్షన్ ఉంది. సాధారణంగా 28వ వారం ప్రాంతంలో ఒకటి, పుట్టిన బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు మరొకటి ఇస్తారు.

రక్తం గ్రూపు పక్కన రాసే ప్లస్, మైనస్ గుర్తులకు ఉన్నదీ లేనిదీ అనే అర్థమైనా ఉంది. విద్యుత్తు దగ్గరికి వస్తే అదీ లేదు. 1747 ప్రాంతంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును ఒక ద్రవంలాంటిదని ఊహించి, అది ఎక్కువైన వస్తువును పాజిటివ్ అని, తక్కువైనదాన్ని నెగెటివ్ అని పిలిచాడు. రెండు వైపులకు పేర్లు పెట్టాలి కనుక పెట్టాడు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాక, తీగలో కదిలే కణాలకు ఉన్నది ఆ లెక్కలో నెగెటివ్ ఆవేశమని తేలింది. పాఠ్యపుస్తకంలో కరెంటు బాణం ఒకవైపు, ఎలక్ట్రాన్ల దారి ఇంకోవైపు ఉండటానికి కారణం ఇదే. తెలుగులో వీటిని ధనావేశం, రుణావేశం అంటాం. ధనం, రుణం అనే జంటతో 628లోనే బ్రహ్మగుప్తుడు సంఖ్యల నియమాలు రాశాడు. సంపద, అప్పు అనే ఆ పోలిక లెక్కలకు చక్కగా సరిపోయింది. ఎలక్ట్రాన్ మాత్రం ఎవరికీ బాకీ లేదు.

వాతావరణ వార్తల్లో వినిపించే ‘పాజిటివ్ డైపోల్’ కూడా ఇలాంటి గుర్తే. హిందూ మహాసముద్రం పడమటి భాగం మామూలు కంటే వేడెక్కి, సుమత్రా వైపు తూర్పు భాగం చల్లబడితే దాన్ని పాజిటివ్ అంటారు. అది మన రుతుపవనాలకు చాలాసార్లు మేలు చేస్తుంది. 2019లో అది చాలా బలంగా ఏర్పడింది. ఆ ఏడాది భారతదేశంలో సగటు కంటే సుమారు 10 శాతం ఎక్కువ వాన కురిసింది. అదే పాజిటివ్ డైపోల్ తూర్పు ఆఫ్రికాకు వరదలు తెచ్చింది, ఆస్ట్రేలియాను ఎండగట్టి ఆ ఏడాది చివర అక్కడి అడవులు తగలబడటానికి దోహదం చేసింది.