నీటిచుక్క విలువ

హైదరాబాదు నగరానికి ఒకప్పుడు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలే ప్రధానాధారం. జనాభా పెరిగిన కొద్దీ ఆ నీరు చాలలేదు. 2004లో నాగార్జునసాగర్ నుండి కృష్ణాజలాలను, 2015లో ఎల్లంపల్లి నుండి గోదావరి జలాలను తరలించవలసి వచ్చింది. 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పంపుల సాయంతో పీఠభూమి మీదికి ఎక్కివచ్చిన ఆ నీరు స్నానాలగదిలో షవరు నుండి బొట్లుబొట్లుగా జారిపోతే, అది చిల్లికుండను నింపిన చందమే.

సెకనుకొక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు రాలుతాయి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కించినా, రోజుకు 4 లీటర్లకు పైగా, సంవత్సరానికి 1,500 లీటర్లకు మించి నీరు వ్యర్థమవుతుంది. అది వేడినీరైతే దానితోపాటు విద్యుత్తు కూడా వృథా అవుతుంది. గోడలోనికి ఇంకితే చెమ్మ పట్టి గచ్చు పెచ్చులూడుతుంది.

మరమ్మతుకు ముందు లోపమెక్కడో గుర్తించాలి. షవరు కట్టిన పిమ్మట కొద్దిసేపు చుక్కలు రాలడం దోషం కాదు. అది గొట్టంలో మిగిలిన నీరే. గంటలు గడిచినా ఆగకుంటే కొళాయిలోని రబ్బరు వాషరు అరిగిందని గ్రహించాలి. స్నానం చేసేటప్పుడు మాత్రమే షవరు, గొట్టం కలిసే చోట నీరు చిమ్మితే లోపం మరల వద్ద ఉన్నట్లు.

మొదట నీటిసరఫరా వాల్వును మూసి, కొళాయిని తెరచి, మిగిలిన నీటిని పోనివ్వాలి. చిన్న మరలు జారిపోకుండా తూమును గుడ్డతో కప్పాలి. పానాతో కొళాయి పైభాగాన్ని విప్పి, పాత వాషరును తీసి, అదే కొలత గల కొత్తదానిని అమర్చాలి. వాషరు ఆనే చోటు గరుకుగా ఉంటే కొత్తది సైతం త్వరలోనే అరుగుతుంది. దానిని నున్నగా చేయించాలి. పావు తిప్పుతో కట్టే నవీన కొళాయిలలో రబ్బరు వాషరుకు బదులు సెరామిక్ బిళ్ళలుంటాయి. లోపలి భాగాన్ని మొత్తంగా మార్చాలి. మరల వద్ద కారితే టెఫ్లాన్ టేపును మర బిగిసే దిశలోనే చుట్టి బిగించాలి.

చుక్కలు ఆపడానికి కొళాయిని బలవంతంగా బిగించడం పలువురి అలవాటు. దానివల్ల వాషరు నలిగి, కారుడు మరింత అధికమవుతుంది. బోరునీటిలోని లవణాలు షవరు రంధ్రాలను పూడ్చివేస్తాయి. అప్పుడప్పుడు దానిని విప్పి, నిమ్మరసం కలిపిన నీటిలో కొంతసేపు నానబెట్టి, కుంచెతో తోమి కడగాలి.

కొన్ని రూపాయల వాషరుతో, అరగంట శ్రమతో తీరే లోపాన్ని నెలల తరబడి ఉపేక్షించడం సోమరితనమే. నదిని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదే కాదు, కొళాయి కట్టే ప్రతి చేతిదీ.

కఠిన పదాలకు అర్థాలు
చందము = విధము
పిమ్మట = తరువాత
తూము = నీరు పోయే దారి
ఉపేక్షించు = పట్టించుకొనకుండు

ప్రశ్నలు
1. షవరు కారడానికి గల కారణాలను ఎట్లు గుర్తించవచ్చు?
2. కొళాయిని బలవంతంగా బిగించడం ఎందుకు తగదు?