కూర తరిగే పలక: కొనుగోలులో మెలకువలు

కత్తిపీటకు పలకతో పనిలేదు. కత్తి కదలదు, కూరగాయే దాని మీదికి వెళుతుంది. నిలబడి వండే గట్టు, చేతికత్తి వచ్చాకే పలకకు గిరాకీ. నంద్యాల ప్రాంతంలో బేతంచెర్ల బండ మీదే తరిగే ఇళ్ళూ వున్నాయి. రాయి, గాజు, స్టీలు ఏదైనా వాదరను మొండి చేస్తుంది. రాతిపై పనిచేసే ఆళ్ళగడ్డ శిల్పులు ఉలికి మాటిమాటికీ పదును పెట్టుకోవలసిందే కదా!

కొయ్యలో టేకు నీటికి తట్టుకుంటుంది. దానిలోని సిలికా వాదరను కొంత అరగదీస్తుంది. అయినా ఇంటి వాడకానికి మేలు. చింత గట్టిది, బరువు. అది మాంసం కొట్టే మొద్దుకే తగును. వెదురు కొద్ది ఏళ్ళలోనే కోతకు వస్తుంది గనుక అడవికి భారం తక్కువ; కాని అది బద్దలు అతికించిన సరుకు, జిగురు చూసి కొనాలి. ప్లాస్టిక్ చవకే; గాట్లుపడితే మురికి నిలుస్తుంది, తునకలు కూరలో కలుస్తాయి.

అసలు నష్టం తేమ వద్ద. పచ్చి కొయ్య పలక ఇక్కడి వేసవికి వంగి చీలుతుంది, తిరుగు సరుకు వర్తకుని నెత్తినే పడుతుంది. తేమ 12 శాతం మించరాదని బేరంలోనే రాయించుకోవాలి. నల్లమల కలప అంటూ చవకగా చూపితే, అటవీశాఖ పర్మిట్ చూడనిదే బయానా ఇవ్వరాదు.